పాట సగం పెట్టెలోనే ఉంది

స్పీకరును పెట్టెలోంచి ఊడదీసి బల్ల మీద పెట్టండి. వైర్లు తగిలించి ఒక పాట వినండి. గాయకుడి మాట వినిపిస్తుంది, వయొలిన్ వినిపిస్తుంది. మృదంగం ఎడమవైపు మోత మాత్రం మాయమవుతుంది. స్పీకరు పోయిందనుకుంటాం. పోలేదు. కాగితం కోన్ ముందుకొచ్చి గాలిని తోసినప్పుడే వెనక గాలి పలచబడుతుంది. ముందున్న గాలి అంచు చుట్టూ తిరిగి ఆ వెలితిలోకి జారిపోతుంది. మన చెవి దాకా రావలసిన అల అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ వెనక గాలిని పట్టి ఉంచడానికే పెట్టె. బందరులో మా ఇంటి పక్క కారు షెడ్డులో పెట్టెలు బిగిస్తూ నేర్చుకున్నదీ, పుస్తకాల్లో చదివిందీ కలిపి, మన దిగువ కృష్ణా వాళ్లకు ముచ్చటగా ఉండే విశేషాలు కొన్ని చెబుతాను.

మోత ఒక్కటే ఎందుకు పోతుంది, మాట ఎందుకు పోదు? శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు నడుస్తుంది. సెకనుకు 40 సార్లు ఊగే స్వరానికి ఒక్కో అల పొడవు ఎనిమిదిన్నర మీటర్ల పైమాటే. 4,000 సార్లు ఊగే స్వరానికి తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. ఎనిమిదిన్నర మీటర్ల అలకు 8 అంగుళాల స్పీకరు అంచు ఒక అడ్డే కాదు, సునాయాసంగా చుట్టి వెళ్లిపోతుంది. పొట్టి అల అలా తిరగలేదు, నేరుగా మన వైపు వస్తుంది.

యాంప్లిఫయర్లు లేని రోజుల్లో మన బందరు మనిషి

శబ్దాన్ని హాలు నిండా వినిపించాలన్న తపన మన ఊరికి కొత్త కాదు. తెలుగు సినిమా పితామహుడని పేరుపడ్డ రఘుపతి వెంకయ్య నాయుడు పుట్టింది మన బందరులోనే, అంటే మచిలీపట్నంలోనే. మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుతున్న ఆయన 1909-10 ప్రాంతంలో స్టూడియోను తాకట్టు పెట్టి ‘క్రోనో మెగాఫోన్’ అనే యంత్రం తెప్పించారు. బొమ్మ తెర మీద ఆడుతుంటే పక్కన గ్రామఫోను రికార్డు దానికి జోడీగా తిరిగేది. అప్పటికి యాంప్లిఫయర్లు లేవు. మరి హాలంతా ఎలా వినిపించింది? గాలితో. బలంగా నెట్టిన గాలి ఒక సన్నని ద్వారంలోంచి పోతుంటే, రికార్డు మీది కదలిక ఆ ద్వారాన్ని తెరుస్తూ మూస్తూ ఉండేది. గాలి ప్రవాహమే పాటయ్యేది. వెంకయ్య ఆ యంత్రాన్ని బర్మా, సిలోన్ల దాకా తిప్పారు. మనం కోన్‌తో గాలిని తోస్తున్నాం, వాళ్లు గాలినే కొళాయిలా తిప్పారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ రావడానికి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉంది.

ఈనాటి స్పీకరుకు తల్లివేరు 1925 నాటిది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అంటించిన కాగితం కోన్, వెనక అలను ముందుకు రానివ్వని అడ్డు, ఈ మూడింటినీ ఒక లెక్కలో కుదిర్చారు. నూరేళ్లయినా ఆ కుదురు మారలేదు. ఈరోజు విజయవాడ వెళ్లి ఏ ఊఫరు కొన్నా లోపల ఉండేది అదే.

షెడ్డులో పుట్టిన పెద్ద పేర్లు

ఇంట్లో పెట్టె చేయడం చిన్నతనం అనుకునేవాళ్లు ఈ మూడు సంగతులూ వినాలి. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ కంపెనీ 1932లో మొదలైంది గిల్బర్ట్ బ్రిగ్స్ ఇంటి నేలమాళిగలో. పాల్ క్లిప్ష్ 1946లో అమెరికాలోని హోప్ అనే చిన్న ఊళ్లో రేకుల షెడ్డులో, గది మూలలో ఇమిడే బాకా పెట్టె చేసి అమ్మడం మొదలుపెట్టారు. మూల గోడలనే బాకాకు కొనసాగింపుగా వాడుకోవడం ఆయన తెలివి. ఇక హ్యూలెట్, పాకర్డ్ అనే ఇద్దరు మిత్రులు పాలో ఆల్టోలో ఒక కారు గ్యారేజీలో చేసిన తొలి సరుకు కంప్యూటరు కాదు, శబ్ద పరికరాలను పరీక్షించే ఆసిలేటరు. డిస్నీ సంస్థ ‘ఫాంటాసియా’ సినిమా శబ్దం పని కోసం అలాంటివి ఎనిమిది కొన్నది.

వీణకూ స్పీకరు పెట్టెకూ పడదు

ఇది నాకు తెలిసిన విశేషాలన్నిటిలోకీ ముఖ్యమైనది. నూజివీడు వీణలు ఎరుగుదుం కదా. పనస కర్ర తొలిచి చేసిన కుండ, తీగ కదిలితే తానూ కదలాలి. ఆ కదలికలోనే నాదం ఉంది. అదే చూసి చాలామంది స్పీకరు పెట్టె కూడా మంచి నాదం ఉన్న కర్రతో చేస్తే పాట మరింత మధురంగా ఉంటుందనుకుంటారు. ఇది పూర్తిగా తలకిందుల ఆలోచన. వీణ ఒక స్వరాన్ని పుట్టిస్తుంది. పెట్టె ఏ స్వరాన్నీ పుట్టించకూడదు. పెట్టె తనూ పాడితే గాయకుడి గొంతు మీద దాని గొంతు కలుస్తుంది. వేలి కణుపుతో పక్క చెక్క మీద కొట్టి చూడండి. డప్పులా మోగితే లోపల అడ్డకర్ర తక్కువైనట్టు. నేల మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తే పెట్టె కుదిరినట్టు. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి చెక్కడానికి ఎంత సుఖమైన కర్రో, అంత తేలిక కాబట్టి ఈ పనికి అంత పనికిరానిది.

బ్రిటిష్ రేడియో సంస్థ బీబీసీ వాళ్లు మాత్రం వేరే దారి తొక్కారు. మందపాటి చెక్కలు కాకుండా పలచటి ప్లైవుడ్ తీసుకుని లోపల తారు పట్టీలు అంటించారు. చెక్క మోగడం మానదు, కానీ మోత వెంటనే అణిగిపోతుంది. వాళ్ల పేరుపడ్డ చిన్న స్పీకరు ‘ఎల్ఎస్ 3/5ఏ’ పెట్టె మందం 12 మిల్లీమీటర్లే. రెండు దారులూ సరైనవే. మన దగ్గర 18 మిల్లీమీటర్ల చెక్క, మధ్యలో ఒక అడ్డకర్ర అన్న దారే తేలిక అని నా అభిప్రాయం.

కుండ గెలిచిన పరీక్ష

హ్యారీ ఓల్సన్ అనే శాస్త్రవేత్త ఒకే స్పీకరును రకరకాల ఆకారాల పెట్టెల్లో పెట్టి కొలిచి, ఆ ఫలితాలను 1951లో అచ్చువేశారు. గోళం, ఘనం, గొట్టం, పిరమిడ్, ఇలా. అంచులు పదునుగా ఉన్న పెట్టెల్లో శబ్దపు అల ఆ అంచు దగ్గర విరిగి మరో అలలా పుడుతుంది. అందువల్ల కొన్ని స్వరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వస్తాయి. గోళంలో అంచే లేదు, అందుకే దాని కొలతల గీత అన్నిటికన్నా నున్నగా వచ్చింది. మన కుమ్మరి సారె మీద తీసే కుండ దాదాపు గోళమే. కాల్చిన మట్టి బరువు, గట్టి. గుండ్రంగా ఉంటుంది గనుక గోడ ఊగదు. కుండ మూతి చోట చెక్క చట్రం బిగించి చిన్న స్పీకరు పెట్టినవాళ్లు లోకమంతా ఉన్నారు. గట్టిగా కాలిన, చిల్లు లేని కుండ దొరికితే మన ఊళ్లో ఎవరైనా చేసి చూడవచ్చు.

కుండ కాకపోతే తూము. కాలవ గట్ల కింద వేసే సిమెంటు గొట్టాలను నిలువుగా పెట్టి కిందా పైనా మూసి స్పీకరు పెట్టెలుగా వాడినవాళ్లూ ఉన్నారు. బ్రిగ్స్ గారైతే గది మూలలో ఇటుకలతో గోడ కట్టి అందులో స్పీకరు పెట్టమని కూడా చెప్పారు.

కూజా ఊదినవాళ్లకు తెలిసిన శాస్త్రం

ఖాళీ కూజా మూతి మీద అడ్డంగా ఊదితే ‘బూఁ’ అని ఒకే స్వరం వస్తుంది. లోపలి గాలి స్ప్రింగులా, మెడలో ఉన్న గాలి బరువులా పనిచేస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీని లెక్క కట్టారు. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ ఇదే కిటుకును స్పీకరు పెట్టెలో పెట్టి 1932లో పేటెంటు పొందారు. పెట్టె ముందు మీరు చూసే గుండ్రటి రంధ్రం, దాని వెనక పైపు, ఇవే ఆ కూజా మెడ. వెనక అలను ఒక స్వరం దగ్గర తిప్పి ముందు అలతో కలిపి పంపిస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. లోపలి కొలత 40, 30, 25 సెంటీమీటర్లు ఉన్న పెట్టెలో 30 లీటర్ల గాలి పడుతుంది, అంటే నీళ్ల క్యాను ఒకటిన్నర. దాన్ని సెకనుకు 40 సార్లు ఊగే స్వరానికి కుదర్చాలంటే లోపలి వ్యాసం 7.5 సెంటీమీటర్లున్న ప్లంబింగ్ పైపు సుమారు 22 సెంటీమీటర్ల ముక్క చాలు. పైపు కురచ చేస్తే స్వరం పెరుగుతుంది, పొడుగు చేస్తే దిగుతుంది. రోహిణి కార్తెలో 45 డిగ్రీల వేడిలో శబ్దం వేగం పెరుగుతుంది గనుక అదే పెట్టె 41 దాటిన చోట పలుకుతుంది. చెవికి తెలియదు. కానీ తెలుసుకుంటే బాగుంటుంది.

ఏ స్పీకరుకు ఎన్ని లీటర్లు? దీనికి జవాబు చాలాకాలం చెవి, ఊహ మాత్రమే. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో లెక్క కట్టి రాశారు. పదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1971లో అమెరికా పత్రిక మళ్లీ అచ్చువేశాక, ఆస్ట్రేలియాలోనే, సిడ్నీలో, రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తిచేశారు. స్పీకరు కాగితంలో ‘ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్’ అని కనిపించే అంకెలు వాళ్లిద్దరి పుణ్యమే. ‘వీఏఎస్’ అంటే కోన్‌ను పట్టి ఉంచే సాగుడుకు సరిసమానమైన సాగుడు ఉన్న గాలి ఎన్ని లీటర్లు అని. ఈ అంకెలు ఇవ్వని స్పీకరు ఎంత చవకైనా కొనకండి.

పైపు ఇష్టం లేకపోతే పెట్టెను పూర్తిగా మూసేయవచ్చు. 1954లో ఎడ్గర్ విల్చర్ చిన్న మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి, అల్మరా అంత పెట్టెలు ఇచ్చే మోతను పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి తెప్పించారు. చిన్న ఇంటికి ఇదే మంచిదని నాకనిపిస్తుంది.

ఉప్పుగాలి, తేమ

పుస్తకాలు చలిదేశాల్లో రాసినవి. వాటిలో ఎండీఎఫ్ చెక్కను తెగ పొగుడుతారు. పొరలు లేవు, కణుపుల్లేవు, కోత నున్నగా వస్తుంది, నిజమే. నేను మొదట చేసిన జంట పెట్టెలు ఎండీఎఫ్‌తోనే. అడుగు చెక్కకు రంగు వేయకుండా గచ్చు మీద పెట్టాను. శ్రావణమాసం వచ్చేసరికి అంచులు తడిసిన అట్టలా ఉబ్బి, కీళ్లు విచ్చుకున్నాయి. ఎండీఎఫ్ కోసిన అంచు నీరు పీలుస్తుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ తగ్గదు. అప్పటినుంచి మెరైన్ ప్లైవుడ్డే. షీటు మీద ‘ఐఎస్ 710’ ముద్ర చూసుకోండి. ఆ ముద్రకు పెట్టే పరీక్షలో ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు ఊడకూడదు. ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల షీటు ఒక్కటి తెస్తే 30 లీటర్ల పెట్టెలు రెండూ, అడ్డకర్రలూ వచ్చి ఇంకా మిగులుతుంది.

అసలు టేకు పలకలతో చేస్తే? కర్ర తేమకు పొడుగునా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. వడగాడ్పుల్లో కుంచించుకుని, వానల్లో పెరిగి, జిగురు పట్టిన కీలును తనే లాగేస్తుంది. ప్లైవుడ్‌లో ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం పెట్టి అతికించేది ఒకదాని కదలికను మరొకటి ఆపడానికే. టేకు మీద మోజుంటే పైన పలచటి టేకు పొర అంటించుకోవచ్చు.

స్పీకరు చుట్టూ ఉండే మెత్తటి అంచు చూసి కొనండి. నురగ అంచు మన తేమకు కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు చాలాకాలం ఉంటుంది. వైర్లు తగిలించే రాగి బిళ్లలకు ఉప్పుగాలి చిలుము పట్టిస్తుంది. అందుకే మంచి టెర్మినళ్లకు బంగారు పూత ఉంటుంది. బంగారం ఉప్పుగాలికి లొంగదు. రాగి మీద సన్నని బంగారు పొర పట్టించే విద్య చిలకలపూడి వాళ్లకు పుట్టుకతో వచ్చింది. అక్కడి రోల్డ్ గోల్డ్ నగలు దేశమంతా వేసుకుంటారు కదా.

ముందు గుడ్డ, లోపల దూది

పెట్టె ముందు వేసే గుడ్డకు పరీక్ష చాలా సులువు. నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. అడ్డమేమీ లేనట్టు గాలి పోతే ఆ గుడ్డ పనికొస్తుంది. సినిమా తెరలకు కూడా దూరానికి కనిపించని సన్నటి చిల్లులు ఉంటాయి. స్పీకర్లు తెర వెనకే ఉంటాయి, గొంతు నటుడి నోట్లోంచే వచ్చినట్టు ఉండాలి కదా. పెడన కలంకారీలో పలచటి నేత గుడ్డ మీద అచ్చేసినది దొరికితే దానికన్నా అందమైన ముసుగు ఉండదు. మందంగా గంజి పెట్టిన గుడ్డ మాత్రం వద్దు, సన్న స్వరాలు మింగేస్తుంది.

పెట్టె లోపల దూది ఎందుకు పెడతారు? లోపలి గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం పలచటి కోన్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. దాన్ని పీల్చడానికి. 1965లో ఆర్థర్ బెయిలీ అనే ఇంగ్లండు అధ్యాపకుడు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో, గొర్రె ఉన్ని కూరిన పొడవాటి మడత గొట్టం వెనక అలను ఎలా మింగేస్తుందో రాశారు. నేను దిండ్లలో వాడే పాలియెస్టర్ దూది పెడతాను. పత్తి దూదికి మన తేమలో బూజు, పురుగు రెండూ పడతాయి.

మైకు బాకా సంగతి

ధనుర్మాసం తెల్లవారుజామున కొబ్బరిచెట్టుకు కట్టిన బాకాలోంచి పాట రెండు ఊళ్ల అవతలికి వినిపిస్తుంది. కానీ అందులో మోత ఉండదు. ఎందుకంటే బాకా మూతి ఎంత వెడల్పో అంతవరకే అది కింది స్వరాలను పలకగలదు. 40 స్వరాన్ని పలకాలంటే మూతి రెండు మూడు మీటర్ల వెడల్పు కావాలి. లాభం మరోచోట ఉంది. ఇంట్లో పెట్టే మామూలు స్పీకరు మనమిచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు మాత్రమే శబ్దంగా మారుస్తుంది, మిగతాది వేడి. బాకా అంతకు ఎన్నో రెట్లు మారుస్తుంది. అందుకే కరెంటు పోయినా 12 వోల్టుల బ్యాటరీ మీద ఆటోలో పెట్టి ఊరంతా చాటవచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు తుపాను కబురు మైకులో వస్తే ఎవరూ పెడచెవిన పెట్టరు.

అన్నట్టు, నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1982లో ఊరూరా తిరిగిన చైతన్య రథం కూడా ఒక రకంగా చక్రాల మీది స్పీకరు పెట్టే. పాత షెవర్లె వ్యానును మార్చి, మైకులు బిగించి, పైకెక్కి మాట్లాడే ఏర్పాటు చేశారు.

పామర్రు, చల్లపల్లి దారిలోని కూచిపూడిలో మైకులు రాకముందు రాత్రంతా దివిటీల వెలుగులో ఆరుబయట ఆట సాగేది. అంత జనానికి గొంతు ఒక్కటే ఆధారం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల గొంతును మన ముందుతరం విన్నది మాత్రం ఎక్కువగా రేడియోలో. ఆకాశవాణి విజయవాడ 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్‌లో సుమారు 4,500 దాటిన స్వరాలు రానే రావు. అందుకే ఆ రేడియోల్లో సన్న స్వరాలు పలికే ట్వీటరు ఉండేది కాదు, అవసరమే లేదు. అయినా ఆ గొంతు ఎంత నిండుగా వినిపించేదో విన్నవాళ్లకు తెలుసు. గొంతు ప్రాణమంతా మధ్య స్వరాల్లోనే ఉంటుంది. కొత్తగా పెట్టె చేసేవాళ్లు మోత మీద మోజుతో ఈ మధ్య భాగాన్ని గాలికొదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

చేతికి పనికొచ్చే చిన్న సంగతులు

స్పీకరు చేతికి రాకముందు రంధ్రం కోయకండి. 8 అంగుళాల స్పీకర్లన్నిటికీ ఒకే రంధ్రం పట్టదు.

కీళ్లు గాలి చొరకుండా ఉన్నాయో లేదో అగరబత్తి చెబుతుంది. మోత ఉన్న పాట పెట్టి కీలు వెంబడి అగరబత్తి పట్టుకు తిరగండి. పొగ తెగి ఊగిన చోట చిల్లు ఉంది. రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలిపి లప్పంలా పట్టించండి. పైపు దగ్గర పొగ ఊగితే అది తప్పు కాదు.

రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తిరగబడితే ఒకటి తోస్తుంటే మరొకటి లాగుతుంది, మోత పోతుంది. టార్చి సెల్లును క్షణం సేపు తాకించండి. ప్లస్ వైపు ఎర్ర బిళ్లకు తగిలినప్పుడు రెండు కోన్‌లూ ముందుకే రావాలి.

ఎండీఎఫ్ గానీ ప్లైవుడ్ గానీ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. కర్ర దుమ్ము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం తేల్చింది. షెడ్డు తలుపు తెరిచి పెట్టి కోయండి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకులు పెట్టకూడదు. మంచి పెట్టెకు గొప్పతనం తక్కువ శబ్దంలో కూడా మృదంగం స్పష్టంగా వినిపించడమే గనుక ఈ నియమం మనకు అడ్డం కాదు.

చివరగా ఒక మనవి. తాతల నాటి వాల్వు రేడియో గానీ రేడియోగ్రాం గానీ మీ అటక మీద ఉంటే పాత ఇనుప సామాను వాడికి ఇచ్చేయకండి. వెనక చెక్క విప్పి లోపల వెలుతురు వేసి చూడండి. వెనక్కు తెరిచి ఉన్న ఆ పెట్టె ఎంత వెడల్పు, ఎంత లోతు పెట్టారో, మూలలకు ఏ కర్ర దిమ్మలు అంటించారో, స్పీకరును చెక్కకు ఎలా బిగించారో కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. బందరులో గానీ గుడివాడలో గానీ అవనిగడ్డలో గానీ ఆ కొలతలు తీసుకెళ్లి చూపిస్తే, అర్థం చేసుకుని కోసిపెట్టే వడ్రంగులు ఇంకా ఉన్నారు.